మొయినాబాద్ చౌరస్తాలో నా చేతికొచ్చిన మైకు

మొన్న ఆదివారం గండిపేటలో మా అమ్మాయి వాళ్లుండే అపార్ట్‌మెంటులో కొత్త కమిటీని ఎన్నుకునే సమావేశం జరిగింది. నీళ్ల ట్యాంకర్ల సంగతి ఎవరైనా రెండు మాటలు మాట్లాడమని ముందు వరుసకు మైకు ఇస్తే, ఒకరు మొహమాటపడి పక్కవారికీ, వారు నవ్వి ఆ పక్కవారికీ అందించుకుంటూ పోగా, అది చివరికి నా దగ్గరికొచ్చి ఆగింది. లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను గానీ, ఆ సాయంత్రమంతా నా మనసు గండిపేటలో లేదు. ఎప్పటిదో చేవెళ్ల బడి వరండాలో తిరుగుతూ ఉండిపోయింది.

అప్పుడు నేను కొత్త కోడలిని. మా అత్తగారిది ముడిమ్యాల. ఇంటిల్లిపాదీ చేలో టమాట, క్యారెట్ పండిస్తే, వాటిని గంపలకెత్తుకొని మా అత్త మొయినాబాద్ చౌరస్తాలో రోడ్డు పక్కన కూర్చుని అమ్మేది. నేను చేవెళ్లలో ఒక దర్జీ దుకాణానికి జాకెట్లు కుట్టడానికి వెళ్లేదాన్ని. ఆ ఊళ్లోనే మా చిన్న మేనమామ బడిపంతులు. ఆయనకొక సరదా ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు బడి వరండాలో కొందరిని పోగేసి ఉపన్యాసాలిప్పించేవాడు. రాసుకొచ్చి చదివితే ఆయనకు గిట్టదు. మనిషి లేచి నిలబడ్డాక ఉల్లిగడ్డ అనో, ఎర్రబస్సు అనో ఒక మాట అందించేవాడు. దాని మీద అప్పటికప్పుడు మాట్లాడాలి. ఆ రోజుల్లో మాకు వేరే కాలక్షేపం ఏముండేదో నా ఈడువారికి చెప్పనక్కర్లేదు కదా, నేనూ వెళ్లి కూర్చునేదాన్ని.

మొదటిసారి నాకు కుండ అన్న మాట వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ కుండలోని నీళ్లే తాగినదాన్ని, అయినా నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. మామ నవ్వలేదు.

"పెద్ద పెద్ద మాటలు ఎతకకు బిడ్డా. ఇయ్యాల నీ కండ్లతోని ఏం చూసినవో అది చెప్పు. తర్వాత మాట అదే వస్తది" అన్నాడు.

ఇక ఆ వారం నుంచీ చేలో నా సాధన మొదలైంది. నేను బోరు దగ్గర నిలబడి మాట్లాడితే, మా ఆయన అవతలి గట్టు మీద నిలబడి, మాట వినబడితే తువ్వాల ఎత్తి ఊపేవాడు. ఆయన స్వతహాగా మితభాషి. ఆ తువ్వాల ఊపడమే నాకు పెద్ద మెచ్చుకోలు. మా అత్తకు మాత్రం ఇదంతా వింతగా ఉండేది. "ఏందే పిల్లా, క్యారెట్లకు పాఠం చెప్తున్నవా? చెప్తే చెప్పు గని, జర గడ్డి గూడ పీకు" అనేది. నేను గడ్డి పీకుతూనే ఎర్రబస్సు గురించి మాట్లాడేదాన్ని.

అంతలో ఎన్నికలొచ్చాయి. చౌరస్తాలో కూరగాయలమ్మే ఆడవాళ్లను అక్కడి నుంచి లేపి, ఊరి వెనకాల బండి కూడా తిరగని బీడులో కూర్చోబెడతారని కబురు వచ్చింది. ఆ బేరమే ఆధారంగా బతికే ఇళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఉండేవి. సరిగ్గా ఆ చౌరస్తాలోనే ఒక నాయకుడి సభ పెట్టారు. మా తరఫున మాట్లాడటానికి మా అత్త వాళ్ల అన్నను అనుకున్నారు. ఊళ్లో ఆయన పిలిస్తే పక్క వాడకు వినబడేది. అట్లాంటి మనిషి వేదికెక్కి, అంతమంది జనాన్ని చూసి, దండం పెట్టి, మళ్లీ దండం పెట్టి, అట్లాగే నిలబడిపోయాడు. పక్కనున్నవాళ్లు భుజం తట్టి మైకు తీసుకోబోయారు. నాయకుడు కండువా సర్దుకొని లేచాడు. ఆయన కారెక్కితే మా మాట అంతటితో సరి.

అప్పుడు గంపల మధ్య నుంచి మా అత్త లేచింది.

"జర ఆగున్రి సారూ. మా కోడలు మాట్లాడుతది."

నాతో ఒక్క మాటైనా చెప్పలేదు. నా కాళ్లు ఎట్లా మెట్లెక్కాయో నాకు తెలియదు. పైకి వెళ్లి చూస్తే ఎటు చూసినా తలలే. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. అప్పుడు కింద మా అత్త ముందున్న గంప కనబడింది.

"ఆ గంపల టమాట పొద్దుగాల మా చేన్ల తెంపినం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఇంక సగం అట్లనే ఉన్నది. ఇంత పెద్ద తొవ్వ పక్కన కూసుంటేనే సగం మిగిలింది. మనుషులు రాని బీట్ల కూసుంటే ఎవరు కొంటరు? సారూ, మీరు మీటింగు ఆ బీట్ల ఎందుకు పెట్టలే? ఈడనైతే జనం వస్తరని ఈడ పెట్టిన్రు. మాకు గూడ జనం వచ్చే జాగనే గావాలె."

ముందుగా నవ్వింది ఆ నాయకుడే. ఆ వెంటనే చౌరస్తా అంతా చప్పట్లు. ఆయన మైకు తీసుకొని, ఈ ఆడవాళ్లను ఎవరూ కదిలించకూడదని అందరి ముందూ మాటిచ్చాడు. మాట తప్పలేదు కూడా. ఎన్నికలయ్యాక అదే చోట రేకుల షెడ్డు లేచింది. మా అత్త ఓపికున్నంత కాలం దాని నీడలోనే కూర్చుని అమ్మింది, వచ్చిన ప్రతి గిరాకీకి టమాట తూచి ఇస్తూ తన కోడలు మీటింగులో ఏం మాట్లాడిందో వినిపించింది.

మామ ఆ రోజు చాయ్ దుకాణం దగ్గర నిలబడి విన్నాడట. దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "అందరికన్న ఎనుక నిలవడ్డ నాకు గూడ ఇనవడ్డది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నది మాత్రం నేను కాదు, ఆయనే.

ఆ తర్వాత ఆలూరులో బస్సు కోసం, చేవెళ్లలో దవాఖాన కోసం, ఎక్కడ సభ జరిగినా ఆడవాళ్లు నన్ను ముందుకు తోసేవాళ్లు. ఏ పార్టీ సభ అని చూసేదాన్ని కాదు. కొన్ని అడిగినవి దొరికాయి, కొన్ని దొరకలేదు, కానీ అడగకుండా మాత్రం ఏ రోజూ కిందికి దిగలేదు.

ఇప్పుడు సభలు మరీ పెద్దవయ్యాయి. జనాన్ని బండ్లలో తీసుకొచ్చి కూర్చోబెట్టి, పాటలు వినిపించి, భోజనం పెట్టి పంపిస్తున్నారు. వేదికకూ మనుషులకూ మధ్య ఇనుప కంచె ఉంటుంది. ఆనాడు మా ఊళ్లలో నోరు తెరిచి చెప్పగల ఆడది ఎక్కడో ఒకతె, వినడానికి ఆగేవాళ్లు మాత్రం ఉండేవాళ్లు. ఈనాడు మా మనవరాళ్ల ఈడు పిల్లలు ఎంత చక్కగా మాట్లాడుతున్నారో చూస్తుంటే కడుపు నిండిపోతుంది. వాళ్లకోసం ఆగి వినే సభ ఒక్కటి, మళ్లీ ఆ చౌరస్తాలో జరిగితే చూడాలని ఉంది.