బిషప్ మీద మోపిన నేరం

హెస్టర్ గాల్బ్రెయిత్ గురించి మా కిల్‌బ్రే ఊళ్లో ప్రచారమైన మాటల్లో చాలావరకు నిరాధారమైనవి. ఆమె ఊలు దొంగ అన్నారు. కాదు. బుద్ధెరిగాక ఒక్క స్వెటరైనా పూర్తి చేయలేదన్నారు. అదీ తప్పే, పూర్తయినవి నేను కళ్లారా చూశాను. ఆ ఇంట్లో అల్లికంతా పిల్లులే చేస్తాయని బడిపిల్లలు చెప్పుకునేవారు. దానికి సాక్ష్యం లేదు. ఆమెకు మతి చలించిందని మాంసం కొట్టు యజమాని నమ్మకం. ఆయన నమ్మకాలను నేనెన్నడూ పరిగణనలోకి తీసుకోలేదు.

నిలబడే సంగతి ఒక్కటే. హెస్టర్ ఏనాడూ ఒకే అల్లిక పట్టుకుని కూర్చోలేదు. ఒకేసారి ఎన్నో నడిపేది. వాటిలో సగం ఆమెవి కావు. వాటిలో ఏది చెడినా నేరం పిల్లులదే.

ఆమె ముందుగదిలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నిర్ఘాంతపోయాను. సోఫా చేతి మీద సగం మేజోడు, రొట్టెల డబ్బాలో శాలువా, టీ కెటిల్ మీద దేనిదో తెలియని కాలరు. ప్రతిదానికీ సూదులు గుచ్చే ఉన్నాయి. దాదాపు ప్రతిదాని మీదా ఒక పిల్లి నిద్రపోతోంది. పడుకున్న పిల్లిని లేపడం హెస్టర్ దృష్టిలో మహాపాపం. అందుచేత దాని కింది అల్లికను వదిలేసి ఇంకొకటి అందుకునేది.

"ఇదేమిటి, హెస్టర్?" అని అడిగాను, చేతికందినదాన్ని ఎత్తి చూపుతూ.

"టోపీ."

"టోపీకి చేతులెందుకున్నాయి?"

"మొదట్లో స్వెటరే. దాని మీద గ్రేవీ పడుకుంది. అది లేచేలోగా నా ఉద్దేశం మారిపోయింది."

గ్రేవీ అంటే బూడిదరంగు పిల్లి. నారింజ రంగుది మార్మలేడ్. నల్ల ఒంటికి మెడ దగ్గర తెల్లపట్టీతో, ఎవరినీ ఖాతరు చేయని ముసలి మగపిల్లి బిషప్. ఈ చరిత్రలో ముద్దాయి అతడే.

ప్రతి గురువారం చర్చి హాల్లో మా అల్లికల మండలి కూడుతుంది. హీటరు చుట్టూ కుర్చీలు, పెద్ద పళ్లెంలో వేడి వేడి చీజ్ రోల్స్. మండలికి అధ్యక్షురాలిని నేనే. సంచులన్నీ ఒకే ఊలు కొట్టువి కావడంతో ఒకేలా ఉంటాయి. ఇంటికి వెళ్లేటప్పుడు హెస్టర్ తన సంచి వదిలేసి ఇంకొకరిది పట్టుకుపోవడం మా మండలిలో ప్రార్థనంత క్రమబద్ధంగా జరిగేది. తర్వాతి గురువారం తిరిగి తెచ్చేది, తల వంచుకుని.

"తప్పయిపోయింది, విన్నీ. బిషప్ కాస్త పీకేశాడు. మళ్లీ అల్లేశాలే."

విన్నీ బారక్లఫ్‌కు అప్పటికే చూపు మందగించింది. మేజోడును ముక్కు దగ్గర పెట్టుకుని తడిమి, "నీ పిల్లి మడమంతా తినేసిందేమిటే?" అని అరిచింది.

"తినలేదు. రుచి చూశాడంతే."

ఆ మేజోడు విన్నీ భర్తకు చక్కగా సరిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత మడమ మడమ దగ్గరే ఉన్న మేజోడు తొడుక్కున్నానని ఆయన హాల్లో అందరితోనూ చెప్పాడు. దాని అర్థం ఏమిటో మాలో ఒక్కరూ ఆలోచించలేదు. బిషప్‌ను మాత్రం అందరూ తిట్టారు.

అసలు ప్రమాదం డోర్కస్ పాస్కో శాలువాతో వచ్చింది. మా జిల్లా మొత్తంలో డోర్కస్‌ను మించిన పనిమంతురాలు లేదు. పాస్కో వంశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆమె అల్లిన లేసు శాలువాలోనే బాప్తిస్మం. దానికొక పరీక్ష ఉంది. శాలువాను ఒక కొస పట్టుకుని ఆమె పెళ్లి ఉంగరంలోంచి లాగితే, చివరిదాకా జారి బయటికి రావాలి. చుట్టాలందరి ముందూ లాగుతారు. ఇప్పుడు మనవరాలికి తొలి బిడ్డ, బాప్తిస్మం ఆదివారం. ఈ మధ్య డోర్కస్ చేతులు వణుకుతున్నాయి. ఆ సంగతి ఎత్తే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆ గురువారం హెస్టర్ పట్టుకుపోయినది డోర్కస్ సంచి.

సాయంత్రానికి డోర్కస్‌కు ఫోన్‌లో కబురందింది: "కోప్పడకు, డోర్కస్. బిషప్ అంచంతా విప్పేశాడు."

డోర్కస్ గొడుగైనా లేకుండా వానలో నా గుమ్మానికి వచ్చింది. "విన్నావా ఎల్స్‌పెత్? అంచంతా! ఆ ఆకుల వరసలు అల్లడానికి చలికాలమంతా పట్టింది నాకు! మండలిలో ఆ హెస్టరైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చెయ్."

"విచారణ లేకుండా నేనెవరినీ పంపను."

"ఎవరిని విచారిస్తావు? పిల్లినా?"

"అవసరమైతే పిల్లినే."

"అయితే ఆదివారం దాన్ని హాలుకు తెప్పించు. దాని మొహం చూసి నాలుగు మాటలు అడగాలి నేను!"

మర్నాడు పొద్దున్నే హెస్టర్ ఇంటికి వెళ్లాను. మా వైపు దక్షిణపు గాలంటే మంచుగాలే, ముఖాన్ని కోస్తోంది. తలుపు తీసి ఉంది. లోపల చూసి నిర్ఘాంతపోయాను. సోఫా ఖాళీ. రొట్టెల డబ్బాలో రొట్టె ఉంది. అల్లికలన్నీ ఒక మూలకు నెట్టేసి, పొయ్యి పక్కన హెస్టర్ ఒకే ఒక్క దాని మీద వంగి ఉంది. డోర్కస్ శాలువా. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాకు టీ ఇవ్వడం కూడా మర్చిపోయింది.

"ముద్దాయి ఎక్కడ?" అన్నాను.

గడ్డంతో దిండు వైపు చూపించింది. నేను మోకాళ్ల మీద కూర్చుని బిషప్ ముందు ఊలు ఉండ ఒకటి దొర్లించాను. పిలవని పేరంటానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు. గ్రేవీ ఆ ఉండను దాటుకుని వెళ్లిపోయింది. మార్మలేడ్ దాని మీద కూర్చుంది. ఆ ఇంట్లో ఏ పిల్లికీ ఊలు మీద ఆసక్తి లేదు. పరుపుగా తప్ప అది వాటికి పనికిరాదు.

సాక్ష్యం పూర్తి కావాలని బిషప్ పెదవి పైకెత్తి చూశాను. లోపల చిగుళ్లు ఉన్నాయి. పళ్లు లేవు. ఒక్కటీ లేదు.

"హెస్టర్," అన్నాను, "శాలువా విప్పిందెవరు?"

సూదులు ఆగాయి. "నేనే."

నేను నేల మీదే కూర్చుండిపోయాను.

"ఆకులు చూడలేదా నువ్వు? ఒకటి కుడికి వంగితే పక్కది ఎడమకు వంగాలి. అన్నీ ఒకే వైపుకు పడిపోయాయి. మధ్యలో కుట్లు జారిపోయాయి. ఉంగరంలోంచి లాగితే సరిగ్గా అక్కడే తెగేది. అందరి ముందూ."

"ఆ మాట డోర్కస్‌తో చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? నీ చేతులు ఇక పనికిరావనా? పిల్లిని తిట్టుకుంటే నాలుగు రోజుల కోపం, ఎల్స్‌పెత్. ఈ మాట విన్నదంటే మళ్లీ సూది పట్టదు."

"మండలిలోంచి నిన్ను పంపమంటోంది."

"పంపెయ్. ఆదివారం దాకా ఆగి పంపు. అంచు ఇంకా మిగిలి ఉంది."

నాకు ఒక మేజోడు గుర్తొచ్చింది. "మరి విన్నీ మడమ?"

"అదీ నేనే. చూపు ఆనక వరసలు తప్పింది, పాపం."

"ఇంకెవరెవరివి?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "నీ కార్డిగన్ చేయి."

"నా కార్డిగన్‌కు ఏమైంది?"

"ఒక చేయి జానెడు పొడుగు."

"దాన్ని బిషప్ నమిలేశాడని చెప్పావు!"

"పళ్లు లేకుండానా?" అంది హెస్టర్, మళ్లీ సూదులు ఆడిస్తూ.

ఇతరుల తగవులు విని తీర్పులు చెప్పడంలో నా జీవితం గడిచింది. సాక్ష్యం నా ఒంటి మీదే ఉండగా ఏళ్ల తరబడి గమనించకపోవడం నాకు అదే మొదటిసారి.

ఆదివారం బాప్తిస్మానికి ముందు హాలు నిండిపోయింది. హెస్టర్ ఒక చేత్తో సంచి, మరో చేత్తో బుట్ట పట్టుకుని వచ్చింది. బుట్టలో బిషప్. నేను లేచి నిలబడ్డాను. అబద్ధం చెప్పే అలవాటు లేదు. నిజం చెప్పే ఉద్దేశం అంతకన్నా లేదు.

"విచారణ జరిపాను. ముద్దాయి తన తరఫున ఏమీ చెప్పుకోలేదు," అని కూర్చున్నాను.

డోర్కస్ శాలువా కొసను ఉంగరంలో పెట్టి లాగింది. సగం వచ్చింది. అంచు దగ్గర ఆమె చెయ్యి వణికింది. ఒక ఆకు కుడికి, ఒక ఆకు ఎడమకు, నీళ్లు జారినట్టు మొత్తం జారి ఒడిలో పడింది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. డోర్కస్ మాత్రం అంచును వేళ్ల మధ్య పట్టుకుని, తేలిగ్గా వదిలేది లేదన్నట్టు బుట్ట మీదికి వంగింది.

"ఏరా దొంగవెధవా..."

బిషప్ ఆవులించాడు. నిదానంగా, చెవుల దాకా, చూడదలచిన వారందరూ చూసేలా ఆవులించాడు. గులాబీరంగు చిగుళ్లు తప్ప అందులో మరేమీ లేదు.

హెస్టర్ ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను కళ్లు మూసుకున్నాను. విన్నీ కళ్లద్దాలు సర్దుకుని, ఎన్నడూ లేనంత స్పష్టంగా చూసి, "అయ్యో, దీనికి పళ్లే..." అని మొదలుపెట్టింది.

డోర్కస్ అంచు వైపు చూసింది. తన చేతుల వైపు చూసింది. తర్వాత చాలాసేపు హెస్టర్ వైపు చూసింది.

"నోరుముయ్యి, విన్నీ," అంది. "వీడి కళ్లు చూడు. కరడుగట్టిన నేరస్తుడి కళ్లు. వీడే చేశాడు."

అని చీజ్ రోల్ ఒకటి విప్పి, లోపలి మెత్తటి చీజ్‌ను వేలితో తీసి నేరస్తుడికి నాకించింది.

తర్వాతి గురువారం డోర్కస్ అందరికన్నా ముందే వచ్చి, తన సంచిని తెచ్చి హెస్టర్ కుర్చీ పక్కన పెట్టింది. "ఏమే, వెళ్లేటప్పుడు పొరపాటున నాది పట్టుకుపోవడం మర్చిపోకు," అంది. విన్నీ తన సంచి కూడా తెచ్చి అక్కడే పెట్టింది. ఇంకొకరు పెట్టారు. కాసేపయ్యాక, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, నేనూ పెట్టాను.

"ఇన్ని ఎలా మోసుకెళ్లను?" అని హెస్టర్ లబలబలాడింది.

"బిషప్‌ను సాయం పట్టమను," అంది డోర్కస్.

నా తీర్పు ఇది. హెస్టర్ గాల్బ్రెయిత్ తనవి కాని సంచులు తెలిసే పట్టుకుపోయింది. తనవి కాని అల్లికలు తెలిసే విప్పింది. వాటిని సరిగ్గా అల్లి, ఎవరివి వారికి తిరిగి ఇచ్చింది. తిట్లు తాను తింది. పిల్లి నిర్దోషి.