అందరూ చూడగల తాళం

మాదాపూర్‌లో కొండరాళ్లు పేల్చి మేడలు కడుతున్న రోజులవి. నేను కాకినాడ నుంచి వచ్చి అక్కడో చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరాను. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. తాళంచెవి ఒక ఫ్లాపీలో ఉంటుంది. ఆ ఫ్లాపీ లేనిదే ఫైలు తెరుచుకోదు.

దాన్ని మొదట చూపించింది మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మకు. తన దగ్గరికొచ్చేవాళ్లు చెప్పుకున్న సంగతులన్నీ ఆవిడ నోటుపుస్తకాల్లో రాసి బీరువాలో దాచేవారు. అంతా చూశాక ఒక్కటే అడిగారు.

"మంచిగనే ఉంది. కానీ మీరు చదవరని నాకెట్ల తెల్వాలె?"

"మేం చదవమండీ."

"నువ్వు మంచిదానివే బిడ్డా. నీ మాట మీద వాళ్ల సంగతులన్నీ అండ్ల పెట్టలేను కద."

మర్నాడు మా బాస్‌తో, మనం దొంగచాటుగా చదివే దారేదీ లేదని ఎవరైనా చూసుకునేలా కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేద్దామన్నాను. ఆయనది కడప. స్థిరమైన ఉద్యోగం వదిలి ఆ కంపెనీ పెట్టిన మనిషి.

"తాళం ఎట్ల చేసినామో అందరికీ చూపిస్తే ఇంగ మనకేం మిగుల్తాదిమ్మా?"

"చెవి డాక్టరమ్మ దగ్గరే ఉంటుంది కదా సార్. తాళం గట్టిదైతే, ఎలా చేశామో తెలిసినా తెరవలేరు."

వారం తర్వాత ఒప్పుకున్నారు.

నెల దాటాక హఫీజ్‌పేట్ నుంచి ఒక లెక్కల లెక్చరర్ వచ్చారు. చంకలో కాగితాల కట్ట. ఇంటర్నెట్‌లో ఉన్న మా కోడంతా ప్రింటు తీసి, ఎర్ర సిరాతో గీతలు పెట్టారు.

"జర ఒక ఫైలుకు తాళమేసి ఇయ్యమ్మా. చెవి మాత్రం ఇయ్యకు."

ఎవరూ తెరవలేరన్న ధీమాతో ఒక చిలిపి వాక్యం టైపు చేసి, తాళం వేసి ఇచ్చాను. ఆయన తాను తెచ్చుకున్న చిన్న ప్రోగ్రాం నడిపారు. చేతిలో టీ అయిపోకముందే నా వాక్యం తెర మీదికి వచ్చింది: 'మా బాస్‌కు కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి.' బాస్ నా వెనకే నిలబడి ఉన్నారు.

"కంప్యూటర్ గడియారంల ఆ క్షణం ఎంతైతే, దాన్నిబట్టే మీ చెవి తయారైతుంది" అన్నారు లెక్చరర్. "నువ్వెప్పుడు తాళమేసినవో నేను చూసిన. ఆ కాసేపట్ల ఉన్న క్షణాలన్నీ వరసగ పెట్టి చూసిన. అంతే."

ఆ భాగం రాసింది నేనే. నాలుగు నెలలుగా రోజూ చూస్తూ కూడా నాకది కనబడలేదు. తలెత్తలేకపోయాను. బాస్ చెవులు నిజంగానే ఎర్రబడ్డాయి. కానీ ఆయన కుర్చీ లాక్కుని లెక్చరర్ పక్కన కూర్చుని, "ఎట్ల సరిచేయాలో చెప్పండి సార్" అన్నారు.

మౌస్‌ను ఇష్టమొచ్చినట్టు తిప్పితే ఆ కదలికల నుంచి చెవి పుట్టేలా మార్చాం. లెక్చరర్ మళ్లీ వచ్చి రెండు రోజులు కుస్తీ పట్టారు. ఫైలు తెరుచుకోలేదు.

తర్వాత బాస్, నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. తప్పెక్కడ జరిగిందో బాసే చెప్పారు. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"ఆ లెక్కల సారు మీకు చుట్టమా?"

"కాదండీ. అంతకుముందు ఆయనెవరో కూడా మాకు తెలీదు."

"ఎవరో తెల్వనాయన చూసి తప్పు పట్టిండు, మీరు సరిచేసిన్రు. ఇగ నా కంప్యూటర్ల పెట్టుండ్రి."

ఆవిడ బీరువా తెరిచి పాత నోటుపుస్తకం ఒకటి తీశారు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో టైపు చేయబోతూ ఆగి నావైపు చూశారు.

"నువ్వు అటు తిరిగి కూసో బిడ్డా."