మేడ మీద మూడు మ్యాట్లు

మా కొట్లో మన్నిక నా పని, మెత్తదనం మా ఆవిడ పని. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు పక్క సందులో మా నాన్నగారి నాటి నుంచీ ఉన్న కొట్టు. మొదట తాళ్ళు, కొబ్బరి పీచు పట్టాలు అమ్మేవాళ్ళం. తరువాత ప్లాస్టిక్ చాపలు, ఆ తరువాత గుమ్మాల్లో వేసే మ్యాట్లు, ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి. కల్యాణ మంటపాలకీ, బాల్కనీలకీ, వల కట్టుకుని క్రికెట్ ఆడే చోట్లకీ ఇప్పుడు అందరికీ అదే కావాలి. చుట్టూ ఇంత పచ్చటి సీమ పెట్టుకుని గడ్డిని చుట్టలు చుట్టి అమ్ముకుంటున్నామని మా ఆవిడ నవ్వేది.

కొత్త సరుకు వస్తే నేను నీళ్ళలో నానబెట్టి, ఎండలో పడేసి, ఇనుప బ్రష్షుతో రుద్ది చూసేవాణ్ణి. ఆవిడ చెప్పులు విడిచి దాని మీద ఎక్కి నిలబడేది. అంతే. కాసేపు కాలి వేళ్ళు కదిపి, "ఇది గరుకండి, పసిపిల్లలున్న ఇంటికి వద్దు" అనేది. లేకపోతే "బాగుంది గానీ వానాకాలం జారుతుందండి" అనేది. కొన్నాళ్ళకి ఖాతాదారులు "అమ్మగారు తొక్కి చూశారా?" అని అడిగి మరీ కొనడం మొదలుపెట్టారు. నా బ్రష్షును పట్టించుకున్నవాడు లేడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఎప్పుడో ఓడిపోయాను, ఇక కొట్లో గెలిచేదెక్కడ.

ఆవిడ కిందటేడు ఆషాఢంలో పోయింది. జ్వరమని కాకినాడ ఆసుపత్రికి తీసుకువెళ్ళాం, మనిషిగా తిరిగి రాలేదు. చేయవలసినవన్నీ చేశాను. వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయో లేదో కూడా చూసుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకున్నాడని బంధువులు మెచ్చుకున్నారు గానీ నేను చేసుకున్నదేమీ లేదు, దానంతట అదే అయింది.

మా అక్కయ్య పెద్దాపురం నుంచి వచ్చి, నాకు వండిపెట్టడానికని ఉండిపోయింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒకరోజు నా భోజనం అయ్యాక తను తినబోయి, నోట్లో ముద్ద పెట్టుకుని ఆగిపోయింది.

"ఒరేయ్, పప్పులో ఉప్పే వెయ్యలేదురా. మారు వడ్డించుకున్నావు కూడాను. చెప్పవేంటి?"

"చూసుకోలేదక్కయ్యా," అన్నాను.

పళ్ళ డాక్టరు ఇంజక్షన్ చేశాక పెదవి మనది కానట్టు ఉంటుంది కదా, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. ఆ ఇంజక్షన్ సాయంత్రానికి దిగిపోతుంది. ఇది దిగుతుందో లేదో తెలియదు. దిగకపోతే, ఆవిడ పోయిందన్న సంగతి నాకు సరిగ్గా తెలియకుండానే నేనూ పోతాను. నాకున్న భయమల్లా అదొక్కటే. ఆ భయం కూడా పక్కింటివాళ్ళ కబురు విన్నట్టే ఉండేది.

దసరా వెళ్ళాక మొగల్తూరు నుంచి ఒక పాత ఖాతాదారు వచ్చారు. రొయ్యల చెరువులు చేసే రైతు. మా ఆవిడ పెద్దకర్మకి వచ్చి భోజనం చేసి వెళ్ళిన మనిషే. సముద్రానికి దగ్గరలో ఒక చెరువు పూడ్చి రిసార్టు కడుతున్నారు, అందులో గోల్ఫ్ ప్రాక్టీసుకి చోటు పెట్టాలనుకుంటున్నారు.

"గోల్ఫ్ అంటే ఎకరాలకి ఎకరాలు కావాలి కదండీ?" అన్నాను.

"అది ఆడడానికండి. ఇది ఊరికే కొట్టుకోడానికి. కాళ్ళ కింద మ్యాటు, ఎదురుగా వల, అంతేనండి. కాకినాడ కంపెనీల ఆఫీసర్లు శని ఆదివారాలు దిగిపోతారు. మ్యాట్లు మాత్రం మూడు రకాలున్నాయంటున్నారు, నాకేమో ఒక్కటీ తెలీదు. అమ్మగారు ఉంటే..."

నాలుక కరుచుకుని తల దించుకున్నారు.

"నేను చూసి చెప్తానండి," అన్నాను.

మర్నాడు వ్యానులో మూడు నమూనాలు, ఒక గోల్ఫ్ కర్ర, బక్కెట్టు నిండా బంతులు, పక్షులు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా చెరువుల మీద కట్టే వల పంపించారు. ఆ వలని మా మేడ మీద నీళ్ళ ట్యాంకు స్తంభాలకి కట్టాను. కర్ర ఎలా పట్టుకోవాలో ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి బంతులు కొడుతుంటే ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసుకునే ఆవిడ కళ్ళప్పగించి చూసేది. పెళ్ళాం పోయి పిచ్చెక్కిందనుకుని ఉంటుంది. అనుకుంటే అనుకుందిలే అని కొట్టాను.

మన్నిక తేల్చడం నాకు కష్టం కాలేదు. మొదటిది పలచటి గడ్డి, కింద స్పాంజి అతికించారు. కొట్టినప్పుడల్లా జరిగేది, ప్రతిసారీ కాలితో సర్దుకోవలసి వచ్చేది. బంతి పెట్టే చోట వారం తిరక్కుండానే బట్టతల వచ్చింది. రెండోది దిట్టమైన రబ్బరు పలక మీద పొట్టి గడ్డి. దాన్ని మేడ ఎక్కించడానికి ఇద్దరు పట్టారు. నా ఇనుప బ్రష్షుకి ఒక్క పోగు ఊడలేదు, నీళ్ళకి ఉబ్బలేదు, ఎండకి వంకర పోలేదు. అలాంటి సరుకు నా చేతికి ఎన్నడూ రాలేదు. మూడోదానికి నారుమడిలా చిక్కగా, నిటారుగా పొడుగు పోగులు, వాటి కింద మెత్తటి పొర. కర్ర కాస్త లోపలికి దిగి బయటికి వస్తుంది. పోగులు అరుగుతాయి, కానీ బంతి పెట్టే మధ్య ముక్కని ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు.

ఇక మిగిలింది ఆవిడ పని. చెప్పులు విడిచి ఒక్కోదాని మీదా ఆవిడలాగే నిలబడ్డాను. వేళ్ళు కదిపాను. పాదాలకి ఏదో తగిలింది, అంతే. మూడూ ఒకటే. బంతి కొట్టినా అంతే. వీడియోలో మనుషులు మెత్తగా ఉంది, గట్టిగా ఉంది, అచ్చం నేల మీద కొట్టినట్టుంది అంటున్నారు. నాకు బంతి వెళ్ళి వలకి తగలడం కనపడేది. చేతికి తెలిసేది కాదు.

తరువాత ఒకరోజు రెండోదాని మీద కొడుతుంటే ఎడమ మోచెయ్యి చురుక్కుమంది. కర్ర ఆపి నిలబడ్డాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ చురుక్కుమంది. ఎందుకో వీడియోల్లోనే తెలిసింది. కర్ర బంతికి తగలకుండా దాని వెనకాల మ్యాటుకి తగిలితే, నేలయితే దిగబడుతుంది. ఆ రబ్బరు పలక దిగనివ్వదు, ఆ అదురంతా చేతిలోకి తోసేస్తుంది. పైగా కర్ర ఆ పలక మీద జారి బంతిని ఎలాగూ కొట్టేస్తుంది కాబట్టి బంతి చక్కగానే పోతుంది. కొట్టినవాడు మొనగాణ్ణనుకుంటాడు. సంగతి మోచేతికి తెలుస్తుంది.

అది తెలిశాక మనిషన్నవాడు ఆ మ్యాటు జోలికి పోకూడదు. నేను మర్నాటి నుంచి మిగతా రెండింటినీ గోడకి ఆనించి, దాని మీదే కొట్టాను. కొరివితో తల గోక్కోవడమని నాకు తెలుసు. కానీ ఇన్ని నెలల్లో నాకు తగిలిన మొదటి సంగతి అది. మిగతావన్నీ ఎక్కడో జరుగుతున్నాయి, ఇది నాకు జరుగుతోంది. కాఫీ గ్లాసు ఎత్తితే నొప్పి, చొక్కా తొడుక్కుంటే నొప్పి. "ఇంకా ఎన్నాళ్ళురా ఆ కొట్టుడు?" అని అక్కయ్య అడిగితే, మన్నిక ఇంకా తేలలేదని అబద్ధం చెప్పాను.

మొగల్తూరు ఆయన ఫోను చేసి, పనివాళ్ళు ఆగి ఉన్నారు, ఇవాళైనా చెప్పండి అన్నారు. మధ్యాహ్నానికి చెప్తానన్నాను. ఫోను పెట్టేసి, ఇక ఇదే ఆఖరు కదా అని ఒకటి బలంగా కొట్టాను. కర్ర బంతికి వెనకాలే, మ్యాటు మీద పడింది. మోచేతి నుంచి భుజం దాకా పట్టేసింది. కర్ర వదిలేసి చెయ్యి పట్టుకుని ఆ మ్యాటు మీదే కూలబడి, మెట్ల వైపు తిరిగి కేకేశాను.

"ఇదిగో, ఆ నొప్పుల నూనె ఇలా పట్రా."

మా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు పేర్లు పెట్టి పిలుచుకోరు. ఆవిడకి నేను 'ఏమండీ', నాకు ఆవిడ 'ఇదిగో'. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో 'ఇదిగో' అంటే పలికే మనిషి ఒక్కతే. ఆ మాట నోట్లోంచి వెళ్ళిపోయాక నాకు వినబడింది. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఎదురింటావిడ తడిబట్ట చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. అక్కయ్య మోకాళ్ళు పట్టుకుంటూ పైకి వచ్చింది. చేతిలో నూనె సీసా ఉంది. నా పక్కన కూర్చుని మూత తీసింది.

"ఏ చెయ్యిరా?"

ఎడమ చెయ్యి చాపాను. అరచేతిలో నూనె వేసుకుని రాయడం మొదలుపెట్టింది.

"పిలిచింది నిన్ను కాదక్కయ్యా," అన్నాను.

"తెలుసురా," అంది. "పిలిచాక ఎవరో ఒకరు పలకాలిగా."

అప్పుడు వచ్చింది ఏడుపు. నా వయసు మనిషి అలా ఏడవకూడదు, అందులోనూ ఎదురింటివాళ్ళు చూస్తుండగా. అయినా ఏడ్చాను. అక్కయ్య ఊరుకోమని అనలేదు, నూనె రాస్తూనే ఉంది. చాలాసేపటికి ఇంకో సంగతి తెలిసింది. కింద ఆ పొట్టి గడ్డి లుంగీలోంచి గుచ్చుకుంటోంది. ఎప్పటి నుంచి గుచ్చుకుంటోందో.

మధ్యాహ్నం మొగల్తూరు ఫోను చేశాను.

"మూడోది వేయించండి. అరిగినప్పుడు మధ్య ముక్క మార్చుకోవచ్చు. మొదటిది నిలవదు. రెండోది మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది గానీ..."

"గానీ ఏంటండీ?"

"అది గరుకండి. మనుషులొచ్చే చోటికి వద్దు."

"అలాగేనండి," అన్నారాయన.