దిగబెట్టడానికొచ్చి దిగబడిపోయిన నాన్న

ఆ రోజుల్లో ఆడపిల్లకి ఉద్యోగం వచ్చిందంటే ఊళ్లో వాళ్లంతా వచ్చి ఆ కాగితాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసి వెళ్లేవారు. చదవడం రాని వాళ్లు కూడా అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసి, "బావుంది" అనేవారు. అలా డెబ్భైల చివర్లో మా గోదావరి లంకకి వచ్చిన కాగితం ఒకటి, నేను విశాఖపట్నం వెళ్లి ఓడరేవు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాలని చెప్పింది. అప్పటికి నా ఇరవై ఏళ్ల జీవితంలో నేను టెలిఫోన్‌లో మాట్లాడింది రెండే రెండు సార్లు. (అందులో ఒకటి రాంగ్ నంబరు.) ఉద్యోగం నాకొస్తే చెమటలు మాత్రం మా నాన్నకి పట్టాయి. "దీన్ని దిగబెట్టేసి మర్నాడు బండికి వచ్చేస్తాను" అని అమ్మకి చెప్పి, ఒక్క జత బట్టలు సంచిలో పెట్టుకుని నాతో రైలెక్కాడు. ఆ మర్నాటి బండి ఆయన తొమ్మిది రోజులపాటు ఎక్కలేదు.

మాకు మల్కాపురంలో గది దొరికింది. ఇల్లుగలావిడని ఆ వీధి వీధంతా 'అప్ప' (అంటే అక్క) అనీ, డాక్‌లో సరుకులెత్తే ఆవిడ భర్తని 'బావ' అనీ పిలిచేది. వరసతో గానీ వయసుతో గానీ నిమిత్తం లేదు. మా నాన్న కూడా రెండో రోజుకల్లా, తనకన్నా పదేళ్లు చిన్నదైన ఆవిణ్ని "అప్పగారండీ" అనడం మొదలెట్టాడు. మొదటిరోజు ఆయన్ని ఆపింది వాసన. గదిలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో కిరసనాయిలు ఒలికిందే" అని మంచం కింద, గూట్లో, అప్ప వంటింట్లో కూడా వెతికాడు. అప్ప నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏటి బాబూ ఎతుకుతన్నావ్? అది నూని కంపినీ గాలి. మా ఊరి గాలే అది. రెండ్రోజులుంటే నీకూ తెలీదు" అంది. మా నాన్న దాన్ని పాయింటుగా పట్టుకున్నాడు. "రెండ్రోజులుంటే తెలీదంటున్నారుగా. అయితే రెండ్రోజులుండి చూస్తాను" అన్నాడు.

రెండో రోజు ఆయన కళ్లకి గది తలుపు గడియ ఆనలేదు. బజారుకెళ్లి, మా ఊళ్లో ధాన్యం కొట్టుకి పెట్టుకునేలాంటి ఇనుప గడియ ఒకటి తెచ్చి, సొంతచేత్తో బిగించాడు. ఎంత గట్టిగా బిగించాడంటే, మర్నాడు నేను మొదటి డ్యూటీకి బయల్దేరబోతే అది లోపలినుంచి ఊడి రాలేదు. నేను లోపల చీర కట్టుకుని, జడ వేసుకుని, పౌడరు రాసుకుని నిలబడ్డాను. వరండాలో పడుకున్న నాన్న బయటినుంచి, "ఎడంపక్కకి తొయ్యవే! కాదు, నీ ఎడం కాదు, నా ఎడం!" అని కేకలేస్తున్నాడు. చివరికి బావ గునపం తెచ్చి తలుపు సందులో పెట్టి ఒక్క పోటు పొడిచాడు. గడియ, గడియతోపాటు అరచేతి వెడల్పున చెక్కముక్క ఊడి వచ్చాయి. "దొంగోడి మాట అలగుంచు బాబూ, పిల్ల బైటికి రాడానికి కూడా సందు నేకుండా సేసీసినావ్!" అని అప్ప పడీ పడీ నవ్వింది. నేను మాత్రం మొదటిరోజే అరగంట ఆలస్యంగా వెళ్లి మాట పడ్డాను.

మాట అన్నది మా సూపర్‌వైజరు. ఆవిణ్ని అందరూ చాటుగా 'సైలెన్స్ మేడం' అనేవారు. ఆవిడకి మిగతా ఇంగ్లీషు మాటలు కూడా వచ్చునుగానీ వాడ్డం మేం ఎప్పుడూ చూడలేదు. బోర్డు ముందు ముగ్గురం ఆపరేటర్లం వరసగా కూర్చునేవాళ్లం. చెవులకి హెడ్‌సెట్టు, ఎదురుగా వందల కన్నాలు, చేతిలో ప్లగ్గుల తీగలు. పైన దీపం వెలగగానే ప్లగ్గు గుచ్చి, "ఎక్స్చేంజ్, గుడ్ మార్నింగ్" అనాలి. అదీ ఎలాగంటే, గొంతు కొంచెం ముక్కులోంచి తెచ్చి, చివర తీపి చేసి. ఆ 'మార్నింగ్' కోసం నేను మూడు రోజులు అప్ప నూతిగట్టు దగ్గర బట్టలుతుకుతూ సాధన చేశాను. బోర్డు దగ్గర సొంత మాటలు మాట్లాడితే మాత్రం మెమో. కొత్తవాళ్లకి రెండు మెమోలొస్తే ఇంటికే.

ఇటు నాన్న ఊరికే కూర్చోలేదు. నేనెక్కిన బస్సులోనే వెనక తలుపునుంచి ఎక్కి, ఎవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చేవాడు. (తెల్లటి పంచె, భుజాన ఎర్రంచు కండువా, చంకలో నల్ల గొడుగుతో ఉన్న మనిషి ఆ కార్మికుల బస్సులో కనపడకుండా ఉండగలనని ఎలా అనుకున్నాడో నాకిప్పటికీ తెలీదు.) నేను గేటు లోపలికెళ్లాక ఎదురుగా టీ కొట్టు బల్లమీద కూర్చునేవాడు. మధ్యాహ్నం క్యారియరు తెచ్చి గేటు దగ్గర ఇచ్చేవాడు. అయిదో రోజుకి గేటు కాపలాదారు, నాన్న ఒకే బల్లమీద కూర్చుని వరి నాట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆరో రోజు ఆ కాపలాదారు మేడ మెట్ల కింద నిలబడి, ఆఫీసంతా వినపడేలా, "ఆపరేటరమ్మా! మీ నాయన వచ్చీసినాడు! ఇయాల గుత్తొంకాయంట!" అని కేకేశాడు. గుమాస్తాలందరూ తలలెత్తారు. పక్క సీట్లమ్మాయిలు చీర కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సైలెన్స్ మేడం నావైపు చూసింది. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ సాయంత్రం బస్సు దిగి నడుస్తుండగా నాన్నతో అనేశాను. "నాన్నా, నువ్వు రేపట్నించి గేటు దగ్గరికి రావద్దు. అందరూ నవ్వుతున్నారు. అసలు నువ్వు ఊరికెప్పుడు వెళ్తావు?" నాన్న గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "వెళ్తానే. నాకు మాత్రం పనుల్లేవా" అన్నాడు. ఇంటికి రాగానే అమ్మ కార్డు ఉంది. 'ఆయన్ని తక్షణం పంపించు. గేదె పాలు చేపడం లేదు. మనిషి కోసం చూస్తోంది' అని రాసింది. ఆ చూసేది గేదో అమ్మో కార్డులో తేలలేదు. నాన్న ఆ కార్డు రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అన్నం మాత్రం సగమే తిన్నాడు.

తర్వాత రెండు రోజులూ ఆయన గేటు దగ్గరికి రాలేదు. అమ్మయ్య అనుకోవాల్సింది పోయి, టీ కొట్టు బల్ల ఖాళీగా కనపడగానే నా మనసు చివుక్కుమంది. మూడో రోజు మధ్యాహ్నం బోర్డు మీద దీపం వెలిగింది. ప్లగ్గు గుచ్చి, తీపి గొంతుతో, "ఎక్స్చేంజ్, గుడ్ ఆఫ్టర్‌నూన్" అన్నాను. అటునుంచి పెద్ద కేక: "ఆయ్! ఎవరండీ మాట్లాడేది?"

నాన్న! మందుల కొట్లోంచి చేస్తున్నట్టున్నాడు, వెనక సీసాల చప్పుడు. నా వెనకేమో మేడం నిలబడి ఉంది. నోటిదాకా వచ్చిన 'నాన్నా' అనే మాటని మింగి, అదే ముక్కు గొంతుతో, "ఎవరు కావాలండీ?" అన్నాను.

"మా అమ్మాయి మీ దగ్గరే పని చేస్తుందండి. కొత్తగా చేరింది. పిలవొద్దులెండి, దానికి కోపమొస్తుంది. అన్నం తిందో లేదో కనుక్కుని చెప్తారా?"

"తిన్నదండీ."

"మీరు చూశారాండీ?"

"చూశానండీ."

నాన్న గొంతు తగ్గించాడు. "చిన్నప్పట్నించీ పిరికిదండి. ఉరిమితే నా వెనకాలే దాక్కునేది. అక్కడ భయపడుతుందా అండీ?"

నా ఎదురుగా వందల కన్నాలూ మసకేసిపోయాయి. "లేదండీ. ధైర్యంగానే ఉంది" అన్నాను.

"అయితే నేనిక మా ఊరు వెళ్లిపోవచ్చంటారా?"

నా గొంతుతో అయితే ఆ మాటకి జవాబు చెప్పలేకపోయేదాన్ని. ఎక్స్చేంజి గొంతు కాబట్టి చెప్పగలిగాను. "వెళ్లిరండి. మేమందరం ఉన్నాం కదండీ."

"సంతోషమమ్మా. నువ్వు చల్లగా ఉండాలి" అని ఫోను పెట్టేశాడు. నేను ప్లగ్గు లాగి, తలెత్తకుండా కూర్చున్నాను. మేడం వంగి, "పర్సనల్ కాలా?" అంది. "కాదు మేడం. ఎంక్వయిరీ" అన్నాను. ఆవిడ నా కళ్లకేసి చూసి, "ఎంక్వయిరీకి మెమో లేదు. వెళ్లి మొహం కడుక్కురా" అంది. మేమంతా ఆవిడ నోటినుంచి అన్ని మాటలు వినడం అదే మొదలు.

మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం బండికి నాన్నని ఎక్కించడానికి స్టేషనుకి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని, "మీ ఆఫీసులో ఒకావిడతో మాట్లాడానే. కొంచెం జలుబు గొంతుగానీ మంచి మనిషి. నువ్వు ధైర్యంగా ఉన్నావని చెప్పింది" అన్నాడు. "నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదేం?" అన్నాను రోషంగా. "నువ్వు నా కూతురివి. నేను బెంగ పెట్టుకుంటానని అబద్ధం చెప్తావు. ఆవిడకేం అవసరం?" అన్నాడు, నా వైపు చూడకుండా ఇంజను వైపు చూస్తూ. ఆయనకి నిజంగా తెలీదో, తెలిసే అడిగాడో నేనిప్పటికీ తేల్చుకోలేదు. అడగడానికి ఆ తర్వాత చాలా ఏళ్లున్నాయి. నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బండి కదిలిపోయాక ఎంతో ధీమాగా నడిచొచ్చి బస్సెక్కాను. సీటు దొరకడమే పాపం, ఏడుపు తన్నుకొచ్చింది. తల వంచుకుని అలా ఏడుస్తూనే ఉన్నాను. చివరికి కండక్టరు వచ్చి, "ఏటమ్మా, ఎక్కడ దిగాల నువ్వు? కూర్మన్నపాలెం వచ్చీసినాం" అన్నాడు. మా మల్కాపురం ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయింది. చుట్టూ కొత్త కర్మాగారం కోసం తవ్వి పోసిన ఎర్రమట్టి, లారీలు, ఎవరో తెలీని మనుషులు. దిగి, కళ్లు తుడుచుకుని, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సుకి చెయ్యెత్తాను. ఆ కండక్టరు కూడా, "ఎక్కడికమ్మా?" అన్నాడు. "ఇంటికి" అన్నాను. "ఇల్లంటే ఏ ఊరు?" అన్నాడు నవ్వుతూ. మా లంక పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, "మల్కాపురం" అన్నాను. తోడు లేకుండా దారి తప్పిన మొదటిరోజు, తోడు లేకుండా తిరిగొచ్చిన మొదటిరోజు రెండూ ఒకటే నాకు. ముక్కు ఎర్రగా చేసుకుని, టిక్కెట్టు గుప్పిట్లో నలిపేస్తూ, ప్రపంచాన్ని జయించినట్టు కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు చివరిదాకా మాత్రం రాదు.