పొట్టి పిన్ని కొలిచిన ఎత్తులు

మా పిన్నిని ఇంటిల్లిపాదీ పొట్టి అనే పిలుస్తాం. పొట్టివాళ్ళకు పుట్టెడు బుద్ధులంటారు కదా, ఆ బుద్ధులన్నీ పెట్టి ఆవిడ చేసే ఉద్యోగం నగరంలోని భవనాల ఎత్తులతో పటం తయారుచేయడం. ఎదగని పిల్లకు ఎత్తుల ఉద్యోగమేమిటని అమ్మమ్మ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో నీడ పొడవును బట్టి కంప్యూటర్ ఎత్తు లెక్కగడుతుంది. పటంలో పొట్టి ఇళ్ళకు పసుపు, పొడుగు మేడలకు ఎరుపు. అది చూసే ఏ ఫైర్ స్టేషన్‌కు ఎంత పొడుగు నిచ్చెన ఉన్న బండి పంపాలో తేలుస్తారు. మర్నాడు పటం అప్పగిస్తారనగా పిన్ని సరదాకి అమ్మమ్మ ఇల్లు వెతికింది. ఆరంతస్తుల పైన డాబా గదిలో ఉండే అమ్మమ్మ పటంలో రెండంతస్తుల పసుపు ఇంట్లో ఉంది. సందంతా పసుపే. ఇరుకు సందు కావడంతో నీడను ఎదుటి గోడ మింగేసింది, కంప్యూటర్‌కు మిగిలిన ముక్కే కనబడింది. అమ్మమ్మవి వంగని మోకాళ్ళు, ఆ మేడకు ఉన్నది ఒక్క ఇరుకు మెట్లదారి. నిప్పంటుకుంటే పొట్టి నిచ్చెన ఏ మూలకు?

పిన్ని వెళ్ళి చెబితే పై అధికారి కాదనలేదు. సాయంత్రంలోగా కొలతలు తెస్తే మారుస్తానన్నాడు.

పిన్ని దూరం కొలిచే లేజర్ పరికరం పట్టుకుని పరుగెత్తింది, వెనకే నేను. సందులో వెనక్కి జరిగి పైకప్పు చూసే చోటే లేదు. నిట్టనిలువుగా పైకి కొడదామంటే కిరణం తగలడానికి పైన ఏదో ఒకటి ఉండాలి. వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, పెద్ద గిన్నె మూత ఒకటి పిట్టగోడ బయటికి చాపు."

"రోడ్డు మీద వంట మొదలెట్టావా ఏమిటే?"

మూత మాత్రం బయటికొచ్చింది. దాని మీద ఎర్రచుక్క నిలిచింది, పరికరం కూత పెట్టింది, పిన్ని గెంతింది. అది చూసి పక్క డాబా ఆవిడ తనదీ కొలవమంది. ఇంకేముంది, సందు పొడుగునా మూతలు, పళ్ళాలు, బోర్లించిన బకెట్లు! ఒకాయన తన మేడే పొడుగనిపించుకోవాలని పళ్ళాన్ని కర్రకు కట్టి ఎత్తాడు. ఎత్తుకు పైఎత్తు మా పిన్నికి తెలియదా, దించేదాకా కొలవలేదు.

చీకటి పడేలోగా పటంలో సందంతా ఎర్రబడింది. పిన్ని సంతోషానికి పట్టపగ్గాల్లేవు, నాకూ అంతే.

కొన్నాళ్ళకు ఆ స్టేషన్‌కు పొడవాటి నిచ్చెన బండి వచ్చింది. పరీక్షించే రోజున నిచ్చెన కొసనున్న తొట్టిలో ఎవరెక్కుతారని అడగ్గానే పిన్ని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. సందు మొదట్లోంచి నిచ్చెన సాగి సాగి అమ్మమ్మ పిట్టగోడ దగ్గర ఆగింది. అమ్మమ్మ చేయి చాచి కూతురి తల నిమిరింది.

"ఇన్నాళ్ళకి ఎదిగావే, పొట్టీ."