గ్రూపులో పెట్టని కబురు

మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ కష్టం. ఎవరైనా ఎదురుగా నిలబడి ఒక మాట అడిగితే, జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోతుంది. రాయమంటే రాస్తాను. అందుకే పలాసలో ఈ జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరినప్పుడు, ఇక్కడ పని చాలామటుకు ఫోన్లో మెసేజీల మీదే నడుస్తుందని తెలిసి లోలోపల సంతోషించాను. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా ఫోన్లో ఆఫీసు గ్రూపులు మూడు, ఇంటి గ్రూపులు రెండు ఉన్నాయి. బాయిలర్ దగ్గరి వాళ్లది ఒకటి, పప్పు మీద పొర తీసే ఆడవాళ్లది ఒకటి, సరుకు కొనే బయటి ఊళ్ల వాళ్లది ఒకటి. ఇంటివైపు అమ్మ పుట్టింటి వాళ్లది, నాన్న తరఫు వాళ్లది. పొద్దున్న లేచేసరికి అయిదింటిలోనూ ఒకటే గులాబీ పువ్వు, దాని మీద ఒకటే సూక్తి. మా పెద్దమ్మ పోయిన రోజున ఇంటి గ్రూపులో నలభై మంది చేతులు జోడించారు. మర్నాడు ఎవరిదో పిల్లాడి పుట్టినరోజు కేకు కింద అవే చేతులు, ఆ నలభై మందే. పెద్దమ్మ కబురు పైకి వెళ్లిపోయింది. వేలితో పైకి తోస్తూ వెళ్తే ఇప్పటికీ కనిపిస్తుంది, పువ్వుకీ పువ్వుకీ మధ్య.

ఉన్నవాటిలో మెయిల్ కాస్త మర్యాద గల వస్తువు. ఎవరికి రాస్తున్నామో, ఎందుకు రాస్తున్నామో ముందే చెప్పాలి. కానీ మా యజమాని మెయిల్‌ను ప్రింటు తీయించి చదువుతారు, జవాబు నాకు వాయిస్ మెసేజీలో పంపుతారు. ఆ వాయిస్‌లను మించిన రోత నాకు తెలియదు. ఒక్క మాట చెప్పడానికి మూడు నిమిషాలు. వెనక టీవీ, ఫ్యాను, ఎవరినో కసిరిన కసురు. ఆయన తింటూ మాట్లాడతారు. పకోడీ నములుతున్న చప్పుడు నా చెవిలోపలికి, తడితో సహా, వచ్చినట్టే ఉంటుంది. ఆ తడిలోంచి “రెండు వందల నలభై సైజు గుండు పప్పు ఎన్ని డబ్బాలు” అన్న ముక్క ఏరుకోవాలి. ఒకసారి వింటే సరిపోదు కూడా, మళ్లీ వినాలి. ఇంతా చేసి ఆయన గది నా బల్లకు ఇరవై అడుగుల దూరం. మధ్యలో ఒక అద్దం తలుపు. నేను ఇటు టైపు చేస్తుంటే అటు ఆయన ఫోను వెలగడం కనిపిస్తుంది.

పొర తీసే గది వేరు. అక్కడ ఆడవాళ్లు నేల మీద పీటలు వేసుకుని వరసగా కూర్చుంటారు. ఎవరి చోటు వాళ్లది. కిటికీ వారగా కూర్చున్నవాళ్లకు వెలుతురుంటుంది, గాలి ఉంటుంది. డ్రైయర్ పక్క పడ్డవాళ్లు రోజంతా వేడిలో, ఎగిరే పొట్టులో కూర్చోవాలి. ఫ్యాక్టరీలో పాత కట్టుబాటు ఒకటుంది. కబురు లేకుండా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఆ చోటు ఇంకొకరిది. చోటు పోవడమంటే పని పోవడమే. కాబట్టి రాలేని మనిషి ఎప్పుడూ కబురు పంపేది. ఆమెతో ఆటోలో వచ్చే మనిషి నా బల్ల దగ్గర ఆగి, ఫలానా ఆమెకు జ్వరమనో, ఇంట్లో చుట్టాలనో చెప్పేది. నేను రిజిస్టరులో రాసుకునేదాన్ని. చెప్పింది నోటితో, విన్నది చెవితో, అంతటితో సరి.

కిందటేడు యజమాని ఆ పద్ధతి మార్చారు. నోటి మాటకు రుజువుండదట. ఇకపై రాలేనివాళ్లు గ్రూపులోనే పెట్టాలి, గ్రూపులో లేని కబురు కబురు కాదు. ఆ మాట టైపు చేసి గ్రూపులో పెట్టింది నేనే. పొద్దున్నే నలుగురైదుగురు నా బల్ల చుట్టూ మూగి మాట్లాడించే బాధ తప్పుతుందని హాయిగా పెట్టాను.

కిటికీ వార చోటు ఒక పిన్నిది. వరసకు పిన్ని కాదు, నేనే అలా పిలిచేదాన్ని. ఉద్దానంలో సముద్రపొడ్డు ఊరు. భర్త భావనపాడు నుంచి పడవ మీద వేటకు వెళ్తాడు. ఇంటికంతటికీ ఉన్నది ఒక్క టచ్ ఫోను, అది టెక్కలిలో హాస్టల్లో ఉండి చదువుకునే కూతురి దగ్గర ఉంటుంది. గ్రూపులో పిన్ని పేరు మీద ఉన్న నంబరు అదే. అంటే పిన్నికి పంపిన ప్రతి మెసేజీ టెక్కలికి వెళ్తుంది. ఆ అమ్మాయి పువ్వుల గోల పడలేక గ్రూపు మోగకుండా చేసి, తెరవడమే మానేసింది. ఇది నాకు తెలుసు. మా గ్రూపులో సగం నంబర్లు అలాంటివే. కొడుకులవి, అల్లుళ్లవి, సముద్రంలో ఉన్న భర్తలవి.

ఒక సోమవారం పొద్దున్న పిన్ని పొరుగామె ఆటో దిగి తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. వల తాడు కోసుకుని పిన్ని భర్త అరచెయ్యి బాగా వాచిందని, టెక్కలి ఆసుపత్రిలో చేర్చారని, పిన్ని నాలుగైదు రోజులు రాదని చెప్పింది.

“నీకు సెప్పమంది,” అంది.

“గ్రూపులో పెట్టమను,” అన్నాను.

“ఎవుల్ని పెట్టమంతావమ్మా? పోను గుంట కాడున్నాది.”

“అయితే ఆ అమ్మాయినే పెట్టమను.”

ఆమె ఇంకా నిలబడే ఉంది. నేను తల దించుకున్నాను. సొరుగులో తెరిచిపెట్టిన పుస్తకంలో నా పేజీ సగంలో ఆగి ఉంది. ఆమె ఎప్పుడు వెళ్తుందా అని చూశాను. ఆమె వెళ్లాక చదువుకున్నాను.

గురువారం యజమాని దగ్గర నుంచి వాయిస్ వచ్చింది. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది, మూడు రోజులైంది, కొత్తగా వచ్చినామెను కూర్చోబెట్టి గ్రూపులో పెట్టు. ఆ రోజు ఏదో పీచున్న పండు తింటున్నట్టున్నారు. ‘సార్, ఆమె సోమవారమే నాకు కబురు పంపింది’ అని రాసి పంపాను. అద్దం అవతల ఫోను వెలిగింది. ఆయన చూశారు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. లేచి ఇరవై అడుగులు నడిస్తే అయిపోయేది. నేను పావుగంట ఆ టిక్కుల్ని చూస్తూ కూర్చుని, తర్వాత కొత్తామెకు చోటిచ్చినట్టు గ్రూపులో పెట్టాను. యథాప్రకారం చేతులు జోడించారు.

శనివారం పిన్ని వచ్చింది. టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని పొర తీసే గదిలోకి వెళ్లి, వెంటనే బయటికొచ్చి నా బల్ల ముందు నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది. భర్త చెయ్యి మానడానికి రెండు నెలలు పడుతుందట, అంతవరకు పడవ ఎక్కడట. ఆ ఇంటికి ఇప్పుడు ఈ చోటొక్కటే ఆధారం.

“సెప్పమన్నాను గదా పాపా. అది నీకు సెప్పింది గదా.”

“చెప్పింది పిన్నీ. గ్రూపులో పెట్టలేదు.”

“నువ్వు ఇన్నావా, ఇన్లేదా?”

“విన్నాను.”

“మరేటి?”

వాక్యాలు బాగా రాస్తానని నాకు కొంచెం గర్వం ఉండేది. ‘గ్రూపులో పెట్టలేదు’ అన్నంత అసహ్యమైన వాక్యం నా నోటి నుంచి అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

పిలవకుండా యజమాని గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి. తలుపు తోసి, ఆమె కబురు పంపిందని, విన్నది నేనని, తప్పు నాదని చెప్పాను. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. ఒకరికి వదిలితే అందరూ మొదలెడతారన్నారు. చెప్పకుండా మానేసినందుకు క్షమించమని ఆమె నంబరు నుంచి గ్రూపులో పెడితే చోటు తిరిగి ఇస్తామన్నారు.

“నీకు సెప్పిందని మట్టుకు రాయకు. రాత్తే రేపట్నుంచి మల్లీ అందరూ నోటితోనే సెప్తారు,” అన్నారు.

బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టాను. మెసేజీ నేనే టైపు చేసి పంపుతానని, దాన్ని గ్రూపులో పెడితే చాలని చెప్పాను. పంపాను. అటు ఆ పిల్ల దాన్ని తెరిచి చదువుకుంది.

“మా అమ్మ సెప్పకుండా మానీలేదు గదక్కా?” అంది ఆ పిల్ల.

“ఏటి రాసినావు, సదువు,” అంది పిన్ని.

చదివాను. ‘నేను ముందుగా తెలియజేయకుండా అయిదు రోజులు పనికి రాలేదు. దయచేసి క్షమించగలరు. ఇకపై ఇలా జరగనివ్వను.’ అన్నీ సరైన మాటలే, ఎక్కడా తప్పు లేదు. చదువుతుంటే నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. పిన్ని డబ్బా మూత గోటితో గీకుతూ విని, ఫోను వైపు వంగింది.

“పెట్టీయే. సోటు రావాల గదా.”

ఆ పిల్ల పెట్టింది. యజమాని ‘ఓకే’ అన్నారు. కబురు పంపింది ఎవరో, విని ఊరుకుంది ఎవరో పూర్తిగా తెలిసిన పొరుగామె నంబరు నుంచి కూడా రెండు చేతులు వచ్చాయి. వాళ్ల అల్లుడు పెట్టి ఉంటాడు. కొత్తామెను డ్రైయర్ పక్కకు పంపాం. పిన్ని తన పీట తెచ్చుకుని కిటికీ వార కూర్చుంది.

నిజానికి నా నంబరు నుంచి ఒక్క వాక్యం పెడితే పోయేది: సోమవారం ఆమె కబురు పంపింది, నేను విన్నాను, రాసుకోలేదు. యజమానికి కోపమొచ్చేది, అంతే. ఆ వాక్యం నా డైరీలో ఉంది. దాన్ని డైరీలో రాసుకున్నందుకు కూడా నాకు అసహ్యంగానే ఉంది. అక్కడ రాస్తే ఎవరికీ చేరదని తెలిసే కదా రాశాను.

పిన్ని ఇప్పుడు నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. కోపం చూపించదు. పదిహేను రోజుల తర్వాత పొరుగామెకు తన పనేదో పడి మర్నాడు రావడం కుదరకుండా పోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నా బల్ల పక్క నుంచే నడిచి, గేటు దగ్గరికి పోయి, వాచ్‌మన్ చేత అతని ఫోన్లోంచి గ్రూపుకు మెసేజీ రాయించుకుంటోంది. నేను లేచి వెళ్లాను. నాకు చెప్పు, రాసుకుంటానన్నాను.

ఆమె నవ్వింది. ఎగతాళి కూడా కాదు, తెలియని దానికి తెలియజెప్పినట్టు నెమ్మదిగా అంది.

“నీకు సెప్తే సెప్పినట్టు కాదు గదమ్మా.”