తాగకుండా తెచ్చిన నీళ్ళు

నేను మొదటిసారి స్పృహ తప్పి పడిపోయింది మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ముందు, ఉదయం ఎనిమిదింటికి, పాపను స్కూల్ బస్సు ఎక్కించడానికి వెళ్తూ. చెవుల్లో హోరు మొదలైంది. కళ్ళ ముందు నల్లగా కమ్ముకొచ్చింది. “ఒక్క నిమిషం” అని పాపతో అన్నానట, నాకు గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి చెంపకు నేల చల్లగా తగులుతోంది, కుడి చేతిలో ఎవరిదో తాళాల గుత్తి ఉంది. సెక్యూరిటీ అతను పెట్టాడు. పడిపోయినవాళ్ళ చేతిలో ఇనుము పెడితే లేస్తారని అతని నమ్మకం. నేను లేచి కూర్చోవడంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. నాలుగేళ్ళ నా కూతురు మాత్రం తాళాలను నమ్ముకోలేదు. స్కూలు బ్యాగు భుజానే ఉంచుకుని, తన వాటర్ బాటిల్ మూత తీసి, కుండీలో మొక్కకు పోసినట్టు నా మొహం మీద నీళ్ళు పోస్తోంది.

అప్పటికి మా అమ్మ దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో మా దగ్గరే ఉంటోంది. మా ఆయనా నేనూ ఆఫీసులకు పోతే, పాప బస్సు దిగే వేళకి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా. నేను పడ్డానని తెలిసి అమ్మ కంగారుపడింది. రెండు నిమిషాలే. తర్వాత నా పక్కన చేరి గొంతు తగ్గించింది.

“ఏమే, నెల తప్పిండాదా?”

“లేదమ్మా.”

“సరిగ్గా చూసుకో. పాప కడుపులో ఉన్నప్పుడూ నీకు ఇట్లే కండ్లు తిరిగె.”

సాయంత్రానికి ఫ్రిజ్‌లోంచి బొప్పాయి మాయమై, దానిమ్మపళ్ళు వచ్చాయి. రెండుసార్లు ఇంట్లోనే పరీక్ష చేసుకుని, ఏమీ లేదని చూపించాను. “ఆ కడ్డీలకేం తెలుసు” అంది అమ్మ.

నెల తప్పే అవకాశం లేదని నాకూ మా ఆయనకూ తెలుసు. అంతకు ముందు నెల నుంచే గర్భం రాకుండా మాత్రలు మొదలుపెట్టాను. ఒక్క పిల్ల చాలని ఇద్దరం అనుకున్నాం. మొదటి కానుపు తర్వాత ఏడాది పాటు నాకు నవ్వు రాలేదు. పాపను ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మ దాన్ని దిష్టి అంది, ఎర్రనీళ్ళు తీసి పోసింది, మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. ఇంకోసారి ఆ గోడ ముందు కూర్చునే ఓపిక నాకు లేదు. అమ్మ దృష్టిలో ఒకే బిడ్డ అంటే సగంలో ఆపేసిన వంట. అందుకే మాత్రల అట్ట లాప్‌టాప్ బ్యాగులో, ఛార్జర్ పక్కన దాక్కుని బతికింది.

రెండోసారి బాత్రూంలో పడ్డాక డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. అమ్మా వచ్చింది, సంచీ ఒళ్ళో పెట్టుకుని నా పక్క కుర్చీలోనే కూర్చుంది.

“మందులేమైనా వాడుతున్నారా?” అని అడిగాడు డాక్టర్.

“లేదండీ” అన్నాను.

నాకు అర క్షణం కూడా పట్టలేదు. రోగం లేనిదానికి వేసుకునేది మందెలా అవుతుందని లోపల ఒక వకీలును కూడా పెట్టుకున్నాను. ఆ రోజు ఫైల్లో ఒక వాక్యం ఎక్కింది: మందులు ఏవీ వాడటం లేదు. రెండో డాక్టర్ దాన్ని చూసి ఎక్కించుకున్నాడు, మూడో డాక్టర్ రెండో ఆయన్ని చూసి. రక్తపరీక్షలు, ఈసీజీ, తలకు స్కాన్. అన్నీ నార్మల్. నార్మల్ అన్న మాట వింటేనే ఒళ్ళు మండిపోయేది. అన్నీ నార్మలైతే నేనెందుకు పడుతున్నాను? ఆఫీసు పాంట్రీలో పడ్డాను. కూరగాయల బండి ముందు పడ్డాను, టమాటాలు నాతోపాటు దొర్లాయి. స్టూలు మీద కూర్చుని స్నానం చేయడం నేర్చుకున్నాను. పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేశాను. రోడ్డు దాటేటప్పుడు పాప చెయ్యి పట్టుకునే హక్కు నా నుంచి మా అమ్మకు వెళ్ళిపోయింది. నేను రెండడుగులు వెనక, గోడకు ఆనుకుని నడిచేదాన్ని. పాప తల తిప్పి తిప్పి నన్ను చూసేది.

అనుమానం నాకు రాకపోలేదు. ఆఫీసులో కూర్చుని ఫోన్లో వెతికాను. ఎవరో నాలాగే పడ్డామని రాశారు, ఇంకెవరో అదంతా ఉత్తదే అన్నారు. మా ఆయనతో చెప్పాను.

“ఆపేసి చూడు” అన్నాడు.

“ఆపేస్తే?”

“జాగ్రత్తగా ఉందాం.”

ఆ జాగ్రత్త మీద నాకు చిల్లిగవ్వంత నమ్మకం లేదు. పోనీ డాక్టర్‌కైనా చెప్పమన్నాడు. ఎలా చెప్పేది? దారిలో పడిపోతానని, ఆఫీసు క్యాబ్ ఎక్కడానికి తప్ప అమ్మ నన్ను ఒంటరిగా గేటు దాటనివ్వదు. ఆయన కారులో తీసుకెళ్తే ముందు సీట్లో అమ్మ. మా నాన్న పోయాక ఆవిడ ఆశ పెట్టుకున్నది నాకు ఇంకో బిడ్డ పుడుతుందన్న ఈ ఒక్కదాని మీదే, అది నా నోటితో ఎలా తుంచను? ఇలా రోజుకో సాకు వెతుక్కుంటూ, రోజూ పొద్దున మాత్ర మింగుతూ, ఎప్పుడు పడతానో అని నేల వైపు చూస్తూ మూడు నెలలు గడిపాను. బుద్ధి ఉన్నవాళ్ళెవరూ చేయని పని. భయం ముందు నా చదువు, ఉద్యోగం ఏవీ పనికి రాలేదు.

ఒక మధ్యాహ్నం పాప టీచర్ ఫోన్ చేసింది. పాప స్కూల్లో నీళ్ళు తాగడం లేదట. తాగమని బలవంతం చేస్తే ఏడుస్తోందట. ఆ రోజు పాస్ పోసేటప్పుడు మంట అని చెప్పిందట. బస్సు దిగగానే బ్యాగులోంచి బాటిల్ తీసి చూశాను. పొద్దున నింపిన నీళ్ళు మెడదాకా అలాగే ఉన్నాయి.

“ఎందుకు తాగట్లేదు నాన్నా?” అని అడిగాను.

“అయిపోతాయి కదా” అంది. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు చూసింది. “నువ్వు పడిపోతే ఏం పోయాలి?”

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. అమ్మా పాపా ఇద్దరూ నావైపు పరుగెత్తారు. “పడలేదు, కూర్చున్నాను” అని అరిచాను. పాప అప్పటికే మూత తిప్పుతోంది. అంత సిగ్గు, అంత దుఃఖం నాకు అంతకు ముందు తెలియదు. నా నోటి నుంచి ఒక్క మాట రానందుకు నా బిడ్డ గొంతు ఎండబెట్టుకుంటోంది.

పాపకు మందు ఇప్పించి, మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఒక పెద్దావిడ. పక్క కుర్చీలో అమ్మ, ఒళ్ళో సంచీ. డాక్టరమ్మ ఫైల్ తిరగేస్తూ ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. నేను బ్యాగులోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాను.

“ఇవి వాడుతున్నాను. పిల్లలు పుట్టకుండా. నాలుగు నెలలు దాటింది.”

అమ్మ వైపు చూడలేదు.

డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. “వీటివల్లే అని చెప్పలేను. కావచ్చు. కొందరికి పడవు. ఇవి ఆపుదాం, వేరే పద్ధతి రాస్తాను, చూద్దాం” అంది. తర్వాత కళ్ళజోడు తీసి, “ఈ ముక్క మొదటి రోజే చెప్పాల్సింది కదమ్మా” అంది. మెల్లగానే అంది. అరిచి ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అమ్మ అడిగింది.

“నాకు చెప్పేకి ఏంటికే అంత భయం? నేనేమన్నా నిన్ను తినేస్తానా?”

“బాధపడతావని.”

“ఇప్పుడు పడలేదా?”

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “ఆ బిడ్డ నీళ్ళు తాగకుండా ఉండాదని నాకూ తెలీకపాయె చూడు” అంది. దినామూ బాటిల్ కడిగేది ఆవిడే. నీళ్ళు మిగిలితే మొక్కలకు పోసి, మళ్ళీ నింపేది. రెండు రోజుల తర్వాత ఫ్రిజ్‌లో బొప్పాయి ముక్కలు కనిపించాయి.

మాత్రలు ఆపిన రెండో వారంలో మళ్ళీ ఒకసారి పడ్డాను. ఆ రోజు ఇక నా బతుకింతే అని వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత పడలేదు. ఒక నెల, ఆపైన ఇంకో నెల. డాక్టరమ్మ ఇప్పటికీ “కావచ్చు” దగ్గరే ఉంది.

బాటిల్ మాత్రం చాలా రోజులు నిండుగానే తిరిగొచ్చింది. ఎంత చెప్పినా పాప తల ఊపేది, తాగేది కాదు. ఇంటికొచ్చి అవ్వ దగ్గర రెండు గ్లాసులు గటగటా తాగేది. మొన్న ఒకరోజు బస్సు దిగాక బ్యాగు అందుకుంటే తేలిగ్గా అనిపించింది. గబగబా మూత తీశాను. అడుగున రెండు గుక్కల నీళ్ళున్నాయి.

“అవి నీకు” అంది పాప.

తాగెయ్యి తల్లీ, అమ్మ ఇక పడదు అని చెబుదామనుకున్నాను. అలా మాట ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఒక్క “కావచ్చు.” మూత గట్టిగా బిగించి, బాటిల్ మళ్ళీ దాని చేతికే ఇచ్చాను.